స్ట్రెస్ ఎకో నెగెటివ్ అన్నారు, వంతెన ఎక్కితే నాన్నగారికి ఛాతీ పట్టేస్తోంది. దేన్ని నమ్మాలి?

దిండి_రేవు
నాన్నగారికి 61 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా షుగర్, ఐదేళ్ళుగా బీపీ. సిగరెట్ మానేసి పదేళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే సైకిల్ మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్ళి కొబ్బరి బేరాలు చూసుకుని వస్తారు. రెండు నెలలుగా వంతెన ఎక్కుతుంటే సగం దూరంలో ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అవుతోందట. సైకిల్ దిగి రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతోంది. చదును రోడ్డు మీద ఎంతసేపు తొక్కినా ఏమీ లేదు. గ్యాస్ అనుకుని సోడాలు తాగుతున్నారు, అమ్మకి కూడా చెప్పలేదు. ఒకరోజు తమ్ముడు వెనకాల బండి మీద వెళ్తూ ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడటం చూశాడు కాబట్టి బయటపడింది.

ఈసీజీ బాగుంది. మామూలు ఎకో (గుండె స్కానింగ్) బాగుంది. తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించి, దిగగానే ఎకో తీసే స్ట్రెస్ ఎకో చేశారు. రిపోర్టులో నెగెటివ్ అని రాసి, భయం లేదు వెళ్ళండి అన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే వంతెన మీద మళ్ళీ అదే నొప్పి. ఇప్పుడు నాన్నగారేమో పరీక్షలో ఏమీ లేదని తేలిపోయిందిగా, ఇంక డాక్టర్ల చుట్టూ తిప్పకండి అంటున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. వ్యాయామం తర్వాత తీసే ఈ ఎకోని ఎంతవరకు నమ్మొచ్చు? చేయించుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

భీమవరం_చెరువు
అస్సలు నమ్మకండి. మా బావగారికి ఇదే పరీక్ష చేసి శుభ్రంగా ఉందన్నారు. నాలుగు నెలలు తిరక్కుండా రొయ్యల చెరువు గట్టు మీద కూలబడిపోయారు. గుండెపోటు. దేవుడి దయవల్ల బతికారు. నన్నడిగితే ఈ నడిపించడాలు, బొమ్మలు తీయడాలు అన్నీ డబ్బు దండగ. సూటిగా యాంజియోగ్రామ్ చేయించేయండి.

పాలకొల్లు_అమ్మ
చెరువు గారూ, నాది మీకు పూర్తిగా తిరగబడ్డ కథ. నాకు 46. ఆయాసంగా ఉందంటే ట్రెడ్‌మిల్ ఈసీజీ మాత్రమే చేసి పాజిటివ్ అన్నారు. ఏడ్చుకుంటూ యాంజియోకి వెళ్ళాను. నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివరికి తేలింది రక్తహీనత, హిమోగ్లోబిన్ 7.8. యాంజియో చేసిన చెయ్యి మణికట్టు దగ్గర కమిలిపోయి నెల రోజులు బిందె ఎత్తలేకపోయాను. అందరికీ సూటిగా యాంజియో అనకండి.

గట్టు_వాకర్
రాజమండ్రి గట్టు మీద రోజూ ఆరు కిలోమీటర్లు నడుస్తాను. 58 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం స్ట్రెస్ ఎకో నార్మల్ వచ్చింది, ఇప్పటికీ బాగున్నాను. నా అనుభవంలో మంచి పరీక్షే.

భీమవరం_చెరువు
మీకు బాగుంది కాబట్టి మంచి పరీక్ష అంటున్నారు. మా బావకి బాగోలేదు కాబట్టి నేను చెడ్డది అంటున్నా. ఇద్దరిదీ ఒక్కో ముక్కే కదండీ.

గట్టు_వాకర్
అది నిజమే. ఒప్పుకుంటున్నా.

ఎకోబల్ల
కాకినాడలో ఎకో రూములో 14 ఏళ్ళుగా పని చేస్తున్నా. డాక్టర్ని కాదు, ఛాతీ మీద ప్రోబ్ పెట్టి బొమ్మ తీసే మనిషిని. నాకు తెలిసింది చెప్తా, కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈ పరీక్షలో మేం రక్తనాళాన్ని చూడం. గుండె గోడని చూస్తాం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గోడ లోపలికి ముడుచుకుంటూ మందమవుతుంది. వ్యాయామం తర్వాత ఇంకా గట్టిగా ముడుచుకోవాలి, లోపలి గది చిన్నదవ్వాలి. ఎక్కడైనా నాళం బాగా సన్నబడి ఉంటే, ఆ నాళం రక్తం ఇచ్చే ముక్కకి మాత్రం పెరిగిన పనికి సరిపడా రక్తం అందక అది నీరసంగా కదులుతుంది. ఎడమ గదిని 16 లేదా 17 ముక్కలుగా లెక్కేసి, నడవక ముందు తీసిన బొమ్మ, నడిచాక తీసినది పక్కపక్కన ఆడించి పోలుస్తారు. రక్తం చాలనప్పుడు ముందు గోడ కదలిక దెబ్బతింటుంది, ఆ తర్వాతే ఈసీజీలో తేడా కనిపిస్తుంది, నొప్పి ఇంకా తర్వాత. అందుకే ఉత్త ట్రెడ్‌మిల్ ఈసీజీ కంటే ఇది మెరుగు.

చిక్కంతా ఎక్కడంటే, మనిషి ఆగిన క్షణం నుంచే గుండె కోలుకోవడం మొదలుపెడుతుంది. బెల్టు ఆగాక 60 నుంచి 90 సెకన్ల లోపు అన్ని కోణాల్లోనూ బొమ్మలు పట్టేయాలి. ఆ నిమిషంలోనే పేషెంటు దిగాలి, మంచం ఎక్కాలి, ఎడమ పక్కకి తిరగాలి. ఒళ్ళంతా చెమట, పైగా రొప్పు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఊపిరితిత్తి గుండెకి అడ్డమొస్తుంది. గాలిలోంచి అల్ట్రాసౌండ్ సరిగ్గా పోదు. ఊపిరి వదిలేసి ఒక్క క్షణం ఆపండి అని బతిమాలుతూ ఆ సందులో బొమ్మ లాగాలి. కొంచెం ఆలస్యమైతే నీరసపడ్డ గోడ మళ్ళీ మామూలైపోతుంది, మాకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కాబట్టి దిండి గారూ, నాకు మూడు సంగతులు చెప్పండి. ట్రెడ్‌మిల్‌కి మంచం ఎంత దూరంలో ఉంది? నాన్నగారి హార్ట్ రేటు ఎంతవరకు వెళ్ళింది? ఆరోజు పొద్దున ఏ బిళ్ళలు వేసుకున్నారు?

నరసాపురం_లేసు
అంటే సఖినేటిపల్లి పంటు వెళ్ళిపోయాక రేవుకి వచ్చి, ఇవాళ జనమే లేరు అన్నట్టన్నమాట.

ఎకోబల్ల
ఆయ్, అదేనండి. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

దిండి_రేవు
రిపోర్టు ఇంట్లో ఉంది, సాయంత్రం చూసి రాస్తా. మంచం మాత్రం గుర్తుంది. ట్రెడ్‌మిల్ ఒక గదిలో, ఎకో మెషిన్ పక్క గదిలో. నాన్నగారు చెప్పులు వెతుక్కుని, పంచె సర్దుకుని నడిచి వెళ్ళారు. నర్సు చెయ్యి పట్టుకుంది. నేను బయట బెంచీ మీంచి చూశాను.

ఎకోబల్ల
అయ్యో. చెప్పులు వెతుక్కునేంత సమయం ఇచ్చారా!

తణుకు_లెక్కలు
నేను లెక్కల మాస్టారిని. పై గొడవకి ఒక చిన్న లెక్క చెప్తాను, వైద్యం కాదు. ఈ పరీక్ష జబ్బున్న 100 మందిలో సుమారు 85 మందిని పడుతుందనీ, జబ్బు లేని 100 మందిలో సుమారు 85 మందికి సరిగ్గా లేదని చెబుతుందనీ అనుకుందాం. పుస్తకాల్లో ఇచ్చే అంకెలు ఈ దరిదాపుల్లోనే ఉంటాయి. ఉత్త ట్రెడ్‌మిల్ ఈసీజీకైతే అవి 68, 77 దగ్గర.

ఏ లక్షణాలూ లేని కుర్రవాళ్ళు 100 మందిని తీసుకోండి. అందులో ఇద్దరికే జబ్బు ఉందనుకుందాం. ఆ ఇద్దరినీ పడుతుంది, బాగానే ఉంది. కానీ జబ్బు లేని 98 మందిలో సుమారు 15 మందికి కూడా పాజిటివ్ చూపిస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 17 మందిలో నిజంగా జబ్బున్నది ఇద్దరికే.

ఇప్పుడు దిండి గారి నాన్నగారి లాంటి వాళ్ళు 100 మంది. వయసు, షుగర్, ఎక్కితే నొప్పి, ఆగితే తగ్గడం. వీళ్ళలో 60 మందికి జబ్బు ఉందనుకుంటే పరీక్ష 51 మందిని పట్టి 9 మందిని వదిలేస్తుంది. జబ్బు లేని 40 మందిలో 34 మందికి నెగెటివ్. మొత్తం నెగెటివ్‌లు 43, అందులో 9 తప్పు. అయిదుగురిలో ఒకరికి జబ్బుండి కూడా లేదని చెప్పినట్టు. పరీక్ష ఒకటే, మెషిన్ ఒకటే. ఎవరికి చేశామన్న దాన్నిబట్టి దాని మాటకి విలువ మారిపోతుంది.

పాలకొల్లు_అమ్మ
మాస్టారూ, ఈ లెక్క నాకు యాంజియోకి ముందు ఎవరైనా చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. ఆడవాళ్ళకి ట్రెడ్‌మిల్ ఈసీజీ తప్పుగా పాజిటివ్ రావడం ఎక్కువని తర్వాత ఇంకో డాక్టరమ్మ చెప్పారు.

భీమవరం_చెరువు
మాస్టారి లెక్క ప్రకారం కూడా దిండి గారి నాన్నగారికి యాంజియోనే కదా? నేను చెప్పింది అదే.

తణుకు_లెక్కలు
ఆయన విషయంలో అవ్వొచ్చు. మీరు అన్నది అందరికీ అని.

ధవళేశ్వరం_68
నాకు 2011లో బైపాస్ అయింది. ఈ మధ్య ఎకోలో కుడి ఎడమ గదుల మధ్య గోడ సరిగ్గా కదలడం లేదని రాసి ఇంటిల్లిపాదినీ హడలగొట్టారు. గుండె డాక్టర్ గారు చూసి, ఛాతీ తెరిచి ఆపరేషన్ అయిన చాలామందికి ఆ గోడ అలాగే కదులుతుంది, ఆ భాగం మందమవుతోందా లేదా అన్నదే చూడాలి అని ఊరుకోబెట్టారు. చూసేవాళ్ళకి మన పాత కథ తెలియకపోతే తప్పులు జరుగుతాయి. పాత రిపోర్టులు ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

ఎకోబల్ల
పెద్దాయన చెప్పింది వంద శాతం నిజం. ఎడమ వైపు కరెంటు తీగ దెబ్బతిని ఎల్‌బీబీబీ అని ఈసీజీలో ఉన్నవాళ్ళకి కూడా ఆ మధ్య గోడ వంకరగానే కదులుతుంది. నడుస్తుంటే బీపీ విపరీతంగా పెరిగిపోయేవాళ్ళకి కూడా నాళాలు బాగున్నా గోడ నీరసంగా కనిపించొచ్చు. లావుగా ఉన్నవాళ్ళు, ఏళ్ళ తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్ళు అయితే మాకు బొమ్మే సరిగ్గా దొరకదు. పక్కపక్కన ఉన్న రెండు ముక్కలు కనపడకపోతే రక్తంలోకి కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా కనపడేలా చేసే మందు) ఇచ్చి తీయాలి, కానీ మన వైపు చాలా చోట్ల అది ఇవ్వరు. కనపడని ముక్కల సంగతి రిపోర్టులో రాయాలి. రాయకపోతే అడగాలి.

యానాం_వంతెన
బొమ్మ తీసేవాళ్ళు ఒకరు, చూసి చెప్పేవాళ్ళు ఒకరు. ఒకే బొమ్మని ఇద్దరు డాక్టర్లు చూస్తే ఒకే మాట చెప్తారా?

ఎకోబల్ల
బొమ్మ స్పష్టంగా ఉంటే దాదాపు చెప్తారు. మసకగా ఉంటేనే తేడాలు. గోడ కదలికని కంటితో అంచనా వేయడం కాబట్టి చెయ్యి తిరిగిన కన్ను కావాలి. స్ట్రెస్ ఎకోలు సొంతంగా చదవాలంటే ముందు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని కనీసం 100 చదివి ఉండాలని అమెరికా ఎకో సంఘం నియమం పెట్టుకుంది. నెలకి ఒకటీ రెండూ చేసే చోటు కంటే రోజూ చేసే చోటు మేలు.

దిండి_రేవు
రిపోర్టు ముందు పెట్టుకుని రాస్తున్నా. బ్రూస్ ప్రోటోకాల్ (మూడేసి నిమిషాలకి ట్రెడ్‌మిల్ వేగం, ఎత్తు పెంచే పద్ధతట). నడిచింది 5 నిమిషాల 10 సెకన్లు. ఆపడానికి కారణం: కాళ్ళ అలసట. గరిష్ట హార్ట్ రేటు 114. దాని కింద టార్గెట్ 135 అని చిన్న అక్షరాల్లో ఉంది. నొప్పి రాలేదు. చివర్లో లావుగా: ఇస్కీమియాకి (గుండెకి రక్తం చాలకపోవడానికి) నెగెటివ్. బొమ్మలు ఎన్ని సెకన్లకి తీశారో లేదు.

బిళ్ళల సంగతి అమ్మని అడిగా. బీపీకి మెటోప్రోలాల్ రోజూ వేసుకుంటారు, ఆ పొద్దున కూడా వేసుకున్నారు. వేసుకోవద్దని ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, నాన్నగారు జీవితంలో మొదటిసారి ట్రెడ్‌మిల్ ఎక్కారు. పడిపోతానని ముందున్న కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే నడిచారట.

ఎకోబల్ల
సమాధానం మీ రిపోర్టులోనే ఉందండి.

220 లోంచి వయసు 61 తీసేస్తే 159. అందులో 85 శాతం 135. కనీసం అక్కడికి గుండెని తీసుకెళ్తేనే పరీక్ష పూర్తయినట్టు లెక్క. మీ నాన్నగారిది 114, అంటే 72 శాతం. మెటోప్రోలాల్ పనే గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. ఆ బిళ్ళ వేసుకుని, కడ్డీ మీద బరువంతా మోపి నడిస్తే గుండెకి పనేం పడింది? పైగా పక్క గదికి నడిచి వెళ్ళాక బొమ్మలు. దీన్ని నెగెటివ్ అని రాయకూడదు. వేగం చాలలేదు, ఏమీ తేల్చలేం అని రాయాలి.

నాకు నిజంగా బాధగా ఉంది. మంచి పరీక్షని ఇలా చేసి, ఇంటికెళ్ళి నిశ్చింతగా ఉండండి అని పంపితే జనానికి పరీక్ష మీదే నమ్మకం పోతుంది. చెరువు గారి కోపం ఊరికే రాలేదు.

అమలాపురం_ఎండీ
మధ్యలో దూరుతున్నాను, కానీ ఇది ఆగే విషయం కాదు. నేను జనరల్ ఫిజీషియన్‌ని.

దిండి గారూ, ముందు రిపోర్టు పక్కన పెట్టండి. ఛాతీ మధ్యలో పట్టేయడం, శ్రమతో రావడం, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గడం, ఈ మూడూ కలిస్తే అది గుండెకి రక్తం చాలక వచ్చే నొప్పి అనే మేం చదువుకున్నాం. 61 ఏళ్ళ మగమనిషి, షుగర్, పాత సిగరెట్ కూడా తోడయ్యాయి. ఈ కథ ముందు నెగెటివ్ రిపోర్టు నిలబడదు, అందులోనూ సగంలో ఆగిపోయిన రిపోర్టు. రెండు నెలలుగా కొత్తగా మొదలైన నొప్పి కాబట్టి వారాలు ఆగొద్దు. రేపే గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పటిదాకా సైకిల్ వద్దు, వంతెన అసలే వద్దు. కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, పది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి, సోడా తాగుతూ కూర్చోవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట అందరికీ. పరీక్ష కోసమని మెటోప్రోలాల్, అటెనొలాల్ లాంటి బిళ్ళల్ని మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే కొందరికి గుండెనొప్పి ఎక్కువవుతుంది. ఎవరికి ఆపాలో, ఎన్ని రోజులు ఆపాలో పరీక్ష రాసిన డాక్టరే చెప్పాలి.

దిండి_రేవు
రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్తున్నాం. నాన్నగారికి మీ పోస్టు చదివి వినిపించాను. మొదటిసారి ఎదురు మాట్లాడలేదు.

తణుకు_లెక్కలు
ఒక సందేహం ఎండీ గారూ. ఆయనకి చదును రోడ్డు మీద ఎంత తొక్కినా రాని నొప్పి వంతెన మీదే ఎందుకు?

అమలాపురం_ఎండీ
మన డెల్టా అంతా పళ్ళెంలా చదును. ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా ఎక్కాల్సింది ఏటిగట్టో, వంతెనో తప్ప ఇంకేం ఉంది? మనవాళ్ళ గుండెకి రోజువారీ పరీక్ష పెట్టేది ఆ రెండే. బ్రూస్ ప్రోటోకాల్‌లో కూడా మొదటి మూడు నిమిషాలే 10 శాతం వాలు ఉంటుంది, తర్వాత 12, ఆ తర్వాత 14. వేగం కంటే ఆ ఎత్తే గుండెకి ఎక్కువ పని పెడుతుంది. నా దగ్గరికి వచ్చే కొబ్బరి దింపు కూలీల్లో కొందరు నేల మీద ఏమీ లేదండి, చెట్టు సగం ఎక్కేసరికి పట్టేస్తోంది అంటారు. ఆ మాట విన్న రోజున నేను ఈసీజీ నార్మల్ ఉందని వదిలిపెట్టను.

భీమవరం_చెరువు
డాక్టర్ గారూ, మరి మా బావగారి సంగతేంటి? ఆయన పరీక్ష సరిగ్గానే చేశారు. రిపోర్టు నేనే చూశా, వేగం కూడా దాటింది. మరి నాలుగు నెలలకే ఎందుకొచ్చింది?

అమలాపురం_ఎండీ
మంచి ప్రశ్న. స్ట్రెస్ ఎకో పట్టేది రక్తం పారకుండా అడ్డుపడేంత ఇరుకుని, అంటే నాళం సగానికి పైగా, ఎక్కువమందిలో 70 శాతం దాకా పూడినప్పుడు. కానీ గుండెపోట్లు చిన్న పూడికల నుంచి కూడా వస్తాయి. 30, 40 శాతం పూడిక రక్త ప్రవాహానికి అడ్డం కాదు, పరీక్షకి దొరకదు. ఒకరోజు దాని పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. మీ బావగారికి అదే జరిగి ఉండొచ్చు. పరీక్ష ఆరోజుకి అబద్ధం చెప్పలేదు. అది జవాబు చెప్పగలిగిన ప్రశ్న వేరు, మీరు అడిగిన ప్రశ్న వేరు. బాగా నడిచి, వేగం అందుకుని, నార్మల్ వచ్చినవాళ్ళకి ఏడాదిలో గుండెపోటో మరణమో వచ్చే అవకాశం 1 శాతం దరిదాపుల్లోనో అంతకంటే తక్కువో ఉంటుంది. తక్కువే, కానీ సున్నా కాదు. అందుకే నార్మల్ వచ్చినా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు మానకూడదు.

భీమవరం_చెరువు
నార్మల్ రాగానే బావ కొలెస్ట్రాల్ బిళ్ళ మానేశాడు. నాకు ఇప్పుడే గుర్తొస్తోంది. ఇంట్లో ఎవరం అడగలేదు.

పాలకొల్లు_అమ్మ
మనసు కష్టపెట్టుకోకండి చెరువు గారూ. ఆయన బతికి మన మధ్యనే ఉన్నారు కదా.

గట్టు_వాకర్
నడవలేని వాళ్ళ సంగతేంటి? మా ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి, బల్లెక్కడమే కష్టం.

ఎకోబల్ల
వాళ్ళకి డోబ్యుటమిన్ అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. కిలో బరువుకి నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మూడేసి నిమిషాలకి 10, 20, 30, 40 వరకు పెంచుతారు. వేగం ఇంకా చాలకపోతే అట్రోపిన్ కలుపుతారు. మనిషి మంచమ్మీదే ఉంటాడు కాబట్టి మాకు బొమ్మలు తీరిగ్గా దొరుకుతాయి, ఆ పరుగు ఉండదు. కొంచెం దడ, వణుకు ఉంటాయి, ముందే చెప్పి చేస్తారు. పడుకుని పెడల్ తొక్కే సైకిల్ మీద కూడా చేస్తారు, అందులో తొక్కుతుండగానే బొమ్మ తీయొచ్చు, కానీ నేను మన జిల్లాల్లో చూడలేదు.

ధవళేశ్వరం_68
ఎవరికి ఏ పరీక్ష అన్నది డాక్టర్లకే వదిలేద్దాం. రిపోర్టులో ఏం చూడాలో మాత్రం మనం నేర్చుకోవాలి. ఇన్నేళ్ళూ నేను చివరి లైను ఒక్కటే చదివేవాణ్ణి.

దిండి_రేవు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

గుండె డాక్టర్ గారు కథ వినగానే రిపోర్టు తిప్పి చూసి, ఆ 114 కింద గీత గీశారు. ఇది పరీక్ష కిందకి రాదు అన్నారు. మళ్ళీ స్ట్రెస్ ఎకో చేద్దామా అని నేనే అడిగా. ఈ కథకి ఇంకో ఎకో చేసి నార్మల్ వచ్చినా నాకు నమ్మకం కుదరదు, కాబట్టి యాంజియోకే వెళ్దాం అన్నారు. చెయ్యి మణికట్టు నుంచే చేశారు. గుండెకి వెనక, పక్క వైపు వెళ్ళే సర్కంఫ్లెక్స్ నాళంలో ఒకచోట 85 శాతం పూడిక. మిగతా రెండు నాళాల్లో చిన్న చిన్నవి. అప్పటికే మందులు వాడుతున్నా నొప్పి వస్తోంది కాబట్టి అదే రోజు స్టెంట్ వేశారు. నిన్న ఇంటికొచ్చాం. మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా.

పాలకొల్లు_అమ్మ
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. నాన్నగారిని జాగ్రత్తగా చూసుకోండి.

భీమవరం_చెరువు
సంతోషం తమ్ముడూ. చివరికి యాంజియోనే అయింది. కానీ ఎందుకన్నది ఇప్పుడు నాకు తెలిసింది, మొదటి రోజు నేను చెప్పిన కారణం వేరు.

ఎకోబల్ల
సర్కంఫ్లెక్స్ అనగానే ఇంకో సంగతి అర్థమైంది. ఆ నాళం రక్తం ఇచ్చే పక్క గోడ ఎకోలో పట్టడం కష్టం, దాని అంచు బొమ్మలో మసకగా వస్తుంది. ఒక్క నాళమే పూడినవాళ్ళని, అందులోనూ ఈ నాళం వాళ్ళని, బాగా చేసిన పరీక్ష కూడా ఒక్కోసారి వదిలేస్తుంది. మూడు నాళాలూ పూడినవాళ్ళని వదలడం తక్కువ, వాళ్ళలో కొందరికి నడిచాక లోపలి గది చిన్నదవ్వడానికి బదులు పెద్దదవుతుంది, అది చూడగానే మాకు గుండె జారిపోతుంది.

యానాం_వంతెన
నొప్పి అదుపులో ఉన్నవాళ్ళకి స్టెంట్ వేయకుండా మందులతోనే సరిపెట్టొచ్చని ఎక్కడో చదివాను, నిజమేనా ఎండీ గారూ?

అమలాపురం_ఎండీ
నిజమే, కానీ అందరికీ కాదు. 2020లో ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి, 5,179 మంది మీద. ఒత్తిడి పరీక్షల్లో మధ్యస్థంగానో ఎక్కువగానో తేడా ఉండి, జబ్బు నిలకడగా ఉన్నవాళ్ళు. ఎడమ ప్రధాన నాళం పూడినవాళ్ళని ముందే పక్కన పెట్టారు. వెంటనే యాంజియోకి వెళ్ళినవాళ్ళకీ, ముందు మందులతో చూసినవాళ్ళకీ గుండెపోట్లలో, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం స్టెంటుతోనో బైపాస్‌తోనో నొప్పి బాగా తగ్గింది. దిండి గారి నాన్నగారిది కొత్త నొప్పి, మందుల మీద కూడా వస్తున్న నొప్పి. ఆయనకి చేసింది సరైనదే.

దిండి_రేవు
నాన్నగారు అడగమన్నారు: ఆరునెలలకోసారి స్ట్రెస్ ఎకో చేయించుకుంటూ ఉండాలా?

అమలాపురం_ఎండీ
నొప్పి, ఆయాసం లేకపోతే ఊరికే చేయించనక్కర్లేదు. మళ్ళీ వంతెన మీద పట్టేస్తే అప్పుడు చూద్దాం. ఎప్పుడు సైకిల్ ఎక్కొచ్చో స్టెంట్ వేసిన డాక్టర్ గారినే అడగండి. రక్తం పలచబడే బిళ్ళలు ఒక్కరోజు కూడా తప్పకూడదు, ఎవరో పన్ను పీకాలన్నారని కూడా ఆపకూడదు, ముందు గుండె డాక్టర్‌ని అడగాలి.

నరసాపురం_లేసు
నాన్నగారు సైకిల్ ఎక్కేదాకా కొబ్బరి బేరాలు తమ్ముడికి అప్పజెప్పండి. వెనకాలొచ్చి చూసింది అతనే కదా, హక్కుంది.

దిండి_రేవు
అప్పుడే అప్పజెప్పేశారు. రేటు తక్కువ చెప్పాడని పొద్దుట్నుంచి మంచమ్మీంచే వాణ్ణి తిడుతున్నారు. అమ్మ ఆ తిట్లు వింటూ నవ్వుతోంది.

భీమవరం_చెరువు
నా సంగతి ఒకటి ఉంది. పోయిన సంక్రాంతికి ముందు ఇన్సూరెన్స్ కోసం నాకూ స్ట్రెస్ ఎకో చేశారు, నార్మల్ అన్నారు. ఈ చర్చ చదివాక బీరువాలోంచి తీశా. నాకు 49. హార్ట్ రేటు 151 అని ఉంది. లెక్క వేస్తే టార్గెట్ 145 వచ్చింది, దాటింది. నొప్పి గానీ ఆయాసం గానీ ఏమీ లేదు. కానీ బొమ్మలు ఎంతసేపటికి తీశారో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఎకోబల్ల
సీడీ ఇచ్చారా? ఇచ్చి ఉంటే పెట్టి చూడండి. నడిచాక తీసిన మొదటి బొమ్మ మూలన అప్పటి హార్ట్ రేటు అంకె ఉంటుంది. 151కి దగ్గర్లో ఉంటే వెంటనే తీశారన్నమాట. 100 దగ్గరికి పడిపోయి ఉంటే ఆలస్యమైనట్టే.

భీమవరం_చెరువు
సీడీ ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేదు, రేపు మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చాక నెట్ సెంటర్‌కి పట్టుకెళ్తా. అంకె చూసి ఇక్కడే రాస్తా.